హౌరాకు పోయిన తెల్ల పీలిక

కలకత్తాలో ఉన్న మనిషిని, ఉత్తరం ముక్క రాయకుండా, తంతి ఇవ్వకుండా, బెత్తెడు గుడ్డపీలికతో నెల్లూరికి రప్పించినవాణ్ణి నేను. అంతేకాదు, హౌరా స్టేషను బయట ట్రాము డ్రైవర్లు నన్ను చూస్తే పలకరింపుగా గంట కొట్టేవాళ్ళు. లోపల రైళ్ళు, బయట ఒక పక్క బస్సులు, నడుమ ట్రాములు, ఎదురుగా గంగలో పడవలు. ఇన్నింటి మధ్య నా కళ్ళకు గంతలు కట్టి నిలబెట్టినా, ఏ బండి ఎటు పోతుందో వాసన పట్టి చెప్పేవాణ్ణి. ఈ మాటలు బుచ్చిరెడ్డిపాలెం టీ అంగళ్ళలో, కృష్ణపట్నం బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళలో చెప్పీ చెప్పీ నాకే అరిగిపోయాయి. విన్నవాళ్ళు ఒక్కరూ అనుమానపడలేదు. పడినా, పెద్దవాడు పోనీలే అని ఊరుకుని ఉంటారు.

ఇప్పుడు నిజం చెప్పేస్తాను. హౌరా స్టేషనును నేను మొట్టమొదట చూసింది పోయిన చలికాలంలో, మోకాళ్ళకు పట్టీలు వేసుకుని, మా వదిన సుబ్బమ్మ వెనకాల నడుస్తూ. ఆ గంటలు, ఆ వాసనలు అన్నీ మా అన్న పెంచలయ్యవి. ఆయన చెప్పగా విన్నవాటిని ఇన్నేళ్ళూ నావిగా వాడుకున్నాను. ఆయన ఎన్నడూ అడ్డం రాలేదు. నేను నలుగురిలో కూచుని హౌరా గురించి కోస్తుంటే, పక్కనే చుట్ట వెలిగించుకుని, తనకు తెలియని ఊరి సంగతి వింటున్నట్టు తల ఊపేవాడు. ఒక్కోసారి మధ్యలో "తర్వాతేమైందిరా?" అని అడిగేవాడు కూడా. పోయిన వానాకాలంలో అన్న పోయాడు. ఆ తర్వాత ఒకటి రెండు సార్లు టీ అంగడిలో హౌరా కథ ఎత్తుకోబోయాను. పక్కన తల ఊపే మనిషి లేకపోయేసరికి నోరు పెగల్లేదు.

మా వీధివాళ్ళు కొందరు కాశీకి పోతూ మమ్మల్నీ రమ్మన్నారు. రైలు మారడానికి హౌరాలో ఒక పూట ఆగాలన్నారు. వదిన కాశీ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. "ఆ స్టేషను కాడ ఎంతసేపు నిలబెడతారు?" అని మాత్రం అడిగింది. సంసారమంతా ఆమె చెవిలో మోగిన పేరు అది. నాకూ వెళ్ళాలని ఉంది. కాకపోతే నా కారణం వేరు. దాన్ని చెప్పాలంటే మా పాత ఇంట్లోకి పోవాలి.

నెల్లూరు స్టేషను వెనక సందులో మా ఇల్లు. నాయన పుట్టింది సముద్రం ఒడ్డున పాలెంలో, చేపల మీద బతికే ఇంట్లో. వల వదిలిపెట్టి నెల్లూరు చేరి, మా వాళ్ళు పట్టిన చేపలను కలకత్తాకు పంపే పని పెట్టుకున్నాడు. మధ్యాహ్నం దాటాక చిట్టమూరు దిక్కునుంచి వచ్చే బస్సు నెత్తిన తట్టలు వచ్చేవి. బస్టాండులో దిగి, జట్కా ఎక్కి మా వాకిట్లోకి వచ్చి, అక్కడ గంపల్లో సర్దుకుని, సాయంత్రం మెయిలు రైలెక్కి, హౌరాలో ట్రాముల పక్కన దిగేవి. మా పాలెంలో పుట్టిన పండుగప్ప చేప మా అందరికన్నా ఎక్కువ లోకం చూసింది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక పని. నేను ఐసు పగలగొట్టేవాణ్ణి. గోనెసంచిలో ఐసు గడ్డ వేసి కొయ్యసుత్తితో మోదితే, చల్లటి పొడి ఎగిరి మొహాన పడేది. చదువు అంటక ఇంట్లో కూచున్న వయసు నాది. నా కోపమంతా ఆ గడ్డ మీద తీరేది. అమ్మ గంప అడుగున ఊక పోసి, దాని మీద ఐసు, దాని మీద చేప, మళ్ళీ ఐసు, మళ్ళీ ఊక, అలా పొరలు పొరలుగా వరస కట్టేది. ఊక బుచ్చిరెడ్డిపాలెం మిల్లుల నుంచి వచ్చేది. తడిసిన ఊకా, కరిగే ఐసూ, పచ్చి చేపా, గోనెపట్టా, అమ్మ వేసుకునే వక్కపొడీ, అన్నీ కలిసిన వాసన ఒకటి ఉండేది మా ఇంటికి. బడిలో నా పక్కన కూచునేవాళ్ళు దానికి ముక్కు మూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరైనా ఆ వాసనను సీసాలో పోసి ఇస్తే మెడలో కట్టుకుని తిరుగుతాను.

మా జేజి, అంటే నాయన తల్లి, పీట వేసుకుని వాకిట్లో కూచునేది. తాత పోయినప్పటినుంచి తెల్లకోకే కట్టేది. ప్రతి చేప మొప్ప ఎత్తి చూసి, ఎరుపు తగ్గిన దాన్ని పక్కన పడేసేది. బాగున్న దాని నెత్తిన ఒక తట్టు తట్టి, "పో నాయనా, చల్లంగా పో" అనేది. నాయన అదో రకం. రోజంతా చొక్కా లేకుండా తిరిగే మనిషి, గంపలు స్టేషనుకు బయల్దేరేటప్పుడు మాత్రం నీళ్ళు పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకునేవాడు. మెయిలు కదిలిపోయేదాకా ప్లాట్‌ఫారం మీద చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏదో పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు ఉండేది. అదేమిటని అడిగితే, "అవతల అందుకునేది మనోడు గదరా" అనేవాడు.

మనోడంటే పెంచలయ్యన్న. హౌరా స్టేషను పక్కనే చేపల మార్కెట్టు. అందులో మన దిక్కు ఏజెంటు ఒకాయన ఉండేవాడు. అన్న ఆయన దగ్గర ఉండి, మెయిలు దిగిన గంపలు ఏరి మార్కెట్టుకు చేర్చేవాడు. ఒకే రైల్లో ఎందరెందరివో గంపలు. అన్నీ ఒకే రంగు గోనెపట్టా కట్టుకుని ఉంటాయి. మా గంప గుర్తు పట్టడానికి అమ్మ పాతకోక అంచు చింపి, మూత కట్టిన తాడుకు ఒక పీలిక ముడివేసేది. పేరు రాసిన రేకు ఉన్నా, అన్న చూసేది పీలికనే. మా ఇంట్లో ఉత్తరం రాసే ఓపిక ఎవరికీ లేదు, అన్నకు చదివే ఓపిక లేదు. అందుకని మెల్లమెల్లగా పీలికే ఉత్తరమైంది. ఎర్రదో పచ్చదో కడితే అంతా క్షేమం. పసుపులో ముంచినది కడితే ఇంట్లో శుభం జరిగినట్టు. ఒకసారి అన్న తిరిగి కలకత్తాకు పోతున్న రోజు జేజి ఆయన్ను పిలిచి, "నేను పోయిన రోజు నా తెల్లకోక పీలిక కడతారు. అది చూసి నువ్వు రావాల" అని చెప్పి పంపింది. అట్లాంటి మాటలు ఆమె వక్క నములుతూ అనేసేది.

అన్న ఏడాదికోసారి పోలేరమ్మ కొలుపుకు వచ్చేవాడు. అన్నం తిని వాకిట్లో చాప వేసుకుంటే మేమంతా చుట్టూ చేరేవాళ్ళం. చేపల ధరల గురించి నాయన అడిగితే ఒక ముక్క చెప్పేవాడు. ట్రాముల గురించి ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. స్టేషను మెట్లు దిగితే చాలు, ట్రాము వచ్చి ఒడ్డున ఆనుకున్న పడవలాగా ఆగుతుందట. రెండు పెట్టెలు. ముందు పెట్టెలో ఫ్యాన్లు, వెనక పెట్టెలో గాలే ఫ్యాను. గంపల పని అయిపోయాక వెనక పెట్టెలో కిటికీ పక్కన కూచుని ఈ కొసనుంచి ఆ కొసకు పోయి, దిగకుండానే తిరిగి వచ్చేవాడట. డ్రైవరుకు హారను లేదు, కాలి కింద గంట ఉంటుంది, మడమతో తొక్కితే ధన్ ధన్ మంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు అన్న మడమ చాప మీద తనంతట తానే ఆడేది. "రైలు దిగినోణ్ణి బస్సు లాగుద్ది, పడవ లాగుద్ది, రిక్షా లాగుద్ది. ట్రాము మటుకు లాగదు. వస్తే రా, లేదంటే నడువు అన్నట్టు పోతా ఉంటది" అనేవాడు. నేను ఆ రాత్రి నిద్రపోకుండా ఆ మాటను నా నోట్లో తిప్పుకుంటూ ఉండేవాణ్ణి.

ఒక ఎండాకాలం హౌరా నుంచి వచ్చిన మనిషొకడు పెద్ద వార్త తెచ్చాడు. ట్రాము షెడ్డులో ఎవరో పెంచలయ్యకు పని ఇస్తామన్నారట. ముందు తుడిచే పని, ఆ తర్వాత నడిపే పని. ఇక మీవాడు రాడు, అక్కడే పెళ్ళి కూడా చూస్తారు అన్నాడా మనిషి. అమ్మ ఆ పూట గంపలు కట్టింది గానీ పీలికలు చాలా గట్టిగా ముడివేసింది. జేజి వక్క నమలడం ఆపి, "ట్రాములో ఏముండాది? చేప ఉండాదా, ఉప్పు ఉండాదా?" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ ఒకటే భయం, అన్న ఇక రాడేమోనని. నాకైతే అన్న రాకపోతే ట్రాముల కథలు ఎవరు చెబుతారన్నదే దిగులు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జరిగింది ఇది. బస్సు ఆలస్యమైంది, ముసురు పట్టింది, కరెంటు పోయింది, మెయిలు వేళ అయిపోతోంది. అమ్మ దగ్గర చింపిపెట్టుకున్న పీలికలు అయిపోయాయి. వసారాలో తీగ మీద ఆరేసిన గుడ్డల్లో చేతికందిన దాని అంచు చించి కట్టేసింది. గంపలు పోయాయి. నాయన స్టేషను నుంచి తిరిగొచ్చి అన్నం ముందు కూచున్నాక, జేజి తన కోక తెచ్చుకుని దీపం ముందు పట్టుకుని, "నా చెంగు యాడపోయిందే?" అంది. అమ్మ గరిటె పట్టుకునే కింద కూలబడిపోయింది. నాయన ఎంగిలి చేత్తోనే లేచి తంతి ఇచ్చొస్తానన్నాడు.

"ఇయ్యబాక" అంది జేజి.

"అదేందమ్మా, వాడు నువ్వు పోయినావనుకుని గుండె పగిలి చస్తాడే."

"చావడు. వస్తాడు. వచ్చినాక బతికుండానని నేనే చెప్పుకుంటాలే. కూచుని అన్నం తిను."

నాయన కూచున్నాడు. తంతి పోలేదు.

ఈ పీలిక కట్టింది నేనేనని, ఇదంతా నా పన్నాగమని ఊరూరా చెప్పుకున్నాను. కట్టింది అమ్మ, పొరపాటున. ఊరుకోమన్నది జేజి, తెలిసే. నేను చేసింది మూత ఒత్తుకోవడానికి ఆ గంప మీద కూచోవడం. ఆ మాత్రం బరువైతే నాది ఉంది.

అన్న వచ్చాడు. మరుసటి రోజు పొద్దు వాలేవేళకు సందు మొదట్లో కనబడ్డాడు, భుజం మీద రేకుపెట్టె పెట్టుకుని. ఇంత తొందరగా ఎట్లా వచ్చాడని మాలో ఒకరికీ తోచలేదు. వచ్చిన సంతోషంలో లెక్కలు ఎవరికి కావాలి? నా కథలో ఆయన ఉత్తకాళ్ళతో ఏడుస్తూ పరిగెత్తుకొస్తాడు. నిజానికి నడుచుకుంటూ వచ్చాడు, చెప్పులు ఉన్నాయి. జేజి పీట మీద నుంచి లేవకుండా, "వచ్చినావా నాయనా. నేను చావలా. నా కోక పీలిక నిన్ను లాక్కొచ్చింది" అంది. అన్న పెట్టె దించకుండా ఆమె వంక చూశాడు. చెంగు చినిగిన కోక వంక చూశాడు. గుమ్మంలో ఏడుస్తున్న అమ్మను, చొక్కా లేకుండా నిలబడ్డ నాయనను, సుత్తి పట్టుకున్న నన్ను చూశాడు. ఆ తర్వాత పెట్టె దించి, జేజి ముందు కూచుని, "లాక్కొచ్చింది జేజీ" అన్నాడు. ఆ రాత్రి పండుగప్ప పులుసు. ముక్కలన్నీ ఆయన పళ్ళెంలోకే పోయాయి.

అన్న మళ్ళీ హౌరా పోలేదు. కలకత్తా పని ఏజెంటే ఎవరినో పెట్టి చూసుకున్నాడు. అన్న ఇక్కడే నాయన పక్కన నిలబడి గంపలు కట్టాడు, సుబ్బమ్మను చేసుకున్నాడు, పిల్లలు, మనవలు. జేజి చచ్చిపోయేదాకా సందులో కనబడిన ప్రతివాడికీ ఒక్క పీలికతో మనవణ్ణి కలకత్తా నుంచి దించిన కథ చెప్పింది. ఆమె పోయాక ఆ గొప్ప నేను తీసుకున్నాను.

కానీ అన్న మడమ ఊరుకోలేదు. అన్నం వడ్డించేదాకా పళ్ళెం ముందు కూచుని నేల మీద తట్టేవాడు. రైల్వే గేటు దగ్గర సైకిలు దిగి నిలబడితే తట్టేవాడు. ముసలితనంలో మనవణ్ణి కాళ్ళ మీద కూచోబెట్టుకుని తట్టేవాడు. ధన్ ధన్. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. ట్రాము నడపాల్సిన మనిషిని మేము అబద్ధపు చావుతో పిలిపించి చేపల ఊకలో కూచోబెట్టామేమో. కథ చెప్పేటప్పుడు ఎంత కోసినా, ఆ చప్పుడు గురించి మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఒక్కసారైనా అడగాల్సింది. ఆయన ఉన్నన్నాళ్ళూ రేపు అడుగుదాంలే అనుకున్నాను.

హౌరాలో దిగాక మా వాళ్ళంతా సామాన్ల దగ్గర కూచున్నారు. నేను, వదిన బయటికి వచ్చాం. అన్న చెప్పినవన్నీ ఉన్నాయి. అరుస్తున్న బస్సు కండక్టర్లు, పసుపుపచ్చ టాక్సీలు, ఆకాశంలో సగం కమ్మేసిన ఇనప వంతెన, గంగ, గంగ మీద జనాన్ని నింపుకుని పోయే పడవలు. నేను ముందు నడిచాను. ఇక్కడ మెట్లు, ఇక్కడ మలుపు, ఇదిగో ఇక్కడ ట్రాము అన్నాను. అక్కడ బస్సుల వరస ఉంది. పట్టాలైనా కనబడతాయేమోనని వంగి చూశాను. తారు తప్ప ఏమీ లేదు.

"వాసన పట్టి చెబుతానంటివే. పట్టు" అంది వదిన.

మట్టి ముంతల్లో టీ పోసే ఆయన్ను అడిగాను. ట్రామనే మాట అర్థమైంది ఆయనకు. చెయ్యి గాలిలో అడ్డంగా ఊపాడు, ఎప్పుడో పోయిందన్నట్టు. ఆ చేత్తోనే నేల కిందికి చూపించి "మెట్రో" అన్నాడు. నేను రోడ్డు పక్కన గట్టు మీద కూచున్నాను. నిజం చెబుతున్నాను, ఇందులో పెంచింది ఏమీ లేదు, అన్న దహనం రోజున కూడా నేను అంత ఏడవలేదు. వదిన టీ రెండు ముంతలు కొని తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టి, నేను తాగేదాకా అటు తిరిగి నిలబడింది. తర్వాత, "రా, ఆ కిందిదేందో అదే ఎక్కుదాం. ఇంతదూరం వచ్చి ఉత్తగా పోతామా" అంది.

కదిలే మెట్ల మీద ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని దర్జాగా నిలబడింది. నేను పక్క కడ్డీని కౌగిలించుకున్నాను. ఎంత లోతుకు పోయామో. అద్దాల తలుపులు, తళతళలాడే నేల, గుసగుసగా మాట్లాడే జనం. చల్లగా ఉంది. మా ఐసు గడ్డ పక్కన కూచున్నంత చల్లగా ఉంది గానీ వాసన లేదు. ఏ వాసనా లేదు. మనుషులు ఇంతమంది ఉండి ఇంత శుభ్రంగా ఎట్లా ఉంటారో నాకు తెలియలేదు. ఇప్పుడు మా దిక్కున చేపలు కూడా అంతే. తెల్లటి అట్టపెట్టెల్లో, ఐసు లారీల్లో, మా స్టేషను మొహం చూడకుండా పెద్దరోడ్డు మీదనే పోతాయి. వాటిని సాగనంపడానికి ఎవరూ తల దువ్వుకోరు. మాటవరసకు అనడంలేదు, ఆ ఏర్పాటు మంచిదే. చేప చెడదు, మనిషి నడుము విరగదు. నాకు ఆ చొక్కా కావాలి, అంతే. నీళ్ళోడుతున్న తలతో ప్లాట్‌ఫారం మీద చేతులు కట్టుకున్న మా నాయన చొక్కా.

రైలు గంగ కిందికి పోయినట్టుంది, అద్దాల బయట నీలం దీపాలు కదిలాయి. పక్కన కూచున్న వదినను ఇక అడిగేశాను.

"వదినా, మా పీలిక రాకపోయుంటే అన్న ఇక్కడే ట్రాము నడుపుతా ఉండేవాడు గదా. ఆ పని మేమే పోగొట్టినామని ఆయనకు మనసులో ఉండిందా?"

ఆమె నా వంక తిరిగి, వినబడలేదేమో అన్నట్టు చూసింది.

"ఏ పీలిక?"

"అదే, జేజి తెల్లకోకది."

"నీకు ఇంతవరకూ తెలవదా?" అంది. "మీ గంప నెల్లూర్లో మెయిలెక్కేటప్పటికే ఆయన ఇటు వచ్చే రైల్లో ఉండాడు. అది అటు పోయింది, ఈయన ఇటు వచ్చినాడు. ఆ పీలికను ఆయన కంటితో చూడలా."

ఆమె ఆగలేదు.

"పెళ్ళైన కొత్తల్లోనే చెప్పినాడు నాకు. ట్రాములో పని ఇస్తామన్న మాట నిజమే. ఆ పనికి పోతే ఇంక గంపలు విప్పేది ఉండదు. గంప మూత తీస్తే మీ ఇంటి ఊక వాసన వచ్చేదంట. మార్కెట్టులో అందరూ ఊక పారబోస్తే, ఈయన చేతిలో పట్టుకుని కూచునేవాడంట. అది లేకుండా ఈ ఊర్లో ఉండలేననుకున్నాడు, పెట్టె సర్దుకున్నాడు."

"మరి ఆ కాలు తట్టేది?"

"ఇష్టమయ్యా, ట్రామంటే. ఇష్టమైంది తల్చుకుంటే ఏడస్తన్నట్టేనా?"

రైలు వేగం తగ్గుతోంది. జనం తలుపుల వైపు లేస్తున్నారు. "మరి ఒక్కసారైనా మాతో చెప్పలేదే" అన్నాను.

"మీ జేజి అంత సంబరంగా చెప్పుకుంటా ఉంటే, చిన్నబోతదని చెప్పలా. ఆమె పోయినాక నువ్వు మొదలుపెట్టినావు. నువ్వు చిన్నబోతావని చెప్పలా. నాకు ఆ మొహమాటం లేదు. నువ్వూ రప్పించలా, మీ జేజీ రప్పించలా. ఆయనే వచ్చినాడు, అబ్బయ్యా. చిన్నబోతే పో."